ఇంగ్లీషు మెయిల్‌లో ‘విచ్’ రాశాక ‘ఇట్’ వద్దు

ఆఫీసు మెయిల్స్ ఇంగ్లీషులో రాసేవాళ్లకు బాగా పనికొచ్చే చిట్కా ఇది. ‘ఈరోజు నేను పంపాల్సిన ఫైలు’ అని మనం వివరం ముందు చెప్పి, ఫైలు చివర్లో చెబుతాం. ఇంగ్లీషులో ఫైలు ముందు వస్తుంది, వివరం వెనక వస్తుంది. అక్కడే చాలామంది ‘దిస్ ఈజ్ ద ఫైల్ విచ్ ఐ మస్ట్ సెండ్ ఇట్ టుడే’ అని రాసేస్తుంటారు. ఫైలు సంగతి ‘విచ్’ చెప్పేసింది కాబట్టి ఆ ‘ఇట్’ కొట్టేయండి.

ఇంకో మెట్టు ముందుకెళ్తే, ఇక్కడ ‘విచ్’ కూడా తీసేయొచ్చు. ‘దిస్ ఈజ్ ద ఫైల్ ఐ మస్ట్ సెండ్ టుడే’ అంటే ఎంత హాయిగా ఉందో చూడండి! అయితే ప్రతిచోటా ఇలా తీసేయడం కుదరదు. ‘ఐ నీడ్ సమ్‌వన్ హూ కెన్ సైన్ దిస్’లో ‘హూ’ తీసేస్తే వాక్యం విరిగిపోతుంది. గుర్తు చాలా సులువు: హూ, విచ్, దట్‌ల తర్వాత ఐ, యూ, వీ లాంటి కర్త ఉంటే తీసేయొచ్చు. వెంటనే కెన్, మస్ట్, షుడ్ వస్తే మాత్రం ఉంచాల్సిందే.

అన్నట్టు, ‘హూ కెన్ స్పీక్స్’ అని రాయకండి. మనిషి ఒక్కరే అయినా కెన్ తర్వాత ‘స్పీక్’ మాత్రమే. అలాగే ‘ఫారమ్స్ విచ్ మస్ట్ సబ్మిట్’ కాదు, ‘మస్ట్ బీ సబ్మిటెడ్’. ఫారాలు వాటంతటవే సబ్మిట్ చేయవు కదా, ఎవరో ఒకరు చేయాలి.