మొదటి విల్లు కొనేముందు

మా అబ్బాయికి ఆన్‌లైన్‌లో 30 పౌండ్ల విల్లు తెప్పించాను. ఈ పౌండ్లు విల్లు బరువు కాదు, నారి లాగడానికి పెట్టాల్సిన బలం. వారానికే భుజం పట్టేసింది. విజయనగరంలో క్రికెట్ బ్యాటును చేత్తో పట్టి చూసి కొనుక్కోవచ్చు. విల్లును అలా చేతికిచ్చి చూపించే దుకాణం నాకు దొరకలేదు. అందుకే ముందు కోచ్‌ని వెతకండి, విల్లు తర్వాత.

ఇంట్లో చేసుకోగలిగినవి రెండున్నాయి. రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, దూరంగా ఉన్న గంటస్తంభాన్నో చెట్టునో చూడండి. అది సందులోనే కనిపించేలా చేతుల్ని మెల్లగా ముఖం దగ్గరికి తెస్తే, ఏ కంటి ముందు ఆగుతాయో అదే గురి చూసే కన్ను. కుడి కన్నయితే నారిని కుడిచేత్తో లాగాలి. తర్వాత బార కొలవండి. దాన్ని 2.5తో భాగిస్తే నారి లాగే పొడవు సుమారుగా తెలుస్తుంది: 150 సెంటీమీటర్లకు 60.

కొత్తగా మొదలుపెట్టే పిల్లలకు 14, 16 పౌండ్లు చాలు. రెక్కలు (పిడికి పైనా కిందా వంగే భాగాలు) విడదీయగలిగే రికర్వ్ (కొసలు ముందుకు వంగిన విల్లు) అయితే, బలం పెరిగాక రెక్కలే మార్చుకోవచ్చు. బాణం లేకుండా నారి లాగి వదలొద్దు, విల్లు విరగొచ్చు.

బాణం వేసేవాడికి తన మోచేయి కనబడదు. మావాడి భుజం పైకి లేస్తోందని కోచ్ వెనక నిలబడి రెండు నిమిషాల్లో పట్టేశారు. నెల రోజులు వీడియోలు చూసినా నాకది తెలియలేదు. ఆ చూపు కోసమే ఫీజు కట్టండి. మావాడికి సరిపోయే బాణాల పొడవు కూడా ఆయనే కొలిచి రాసిచ్చారు.