బాస్కెట్‌బాల్ స్కోరు పట్టికను అట్టడుగు వరుస నుంచి చదవడం ఎలా

అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ మ్యాచ్ ముగిసీ ముగియగానే రెండు జట్ల బాక్స్ స్కోరు, అంటే ప్రతి ఆటగాడి అంకెలూ జట్టు మొత్తాలూ ఉండే పట్టిక, విడుదలవుతుంది. చాలామంది నేరుగా పాయింట్ల గడి చూసి, అందరికంటే ఎక్కువ పాయింట్లు చేసిన ఆటగాడి పేరు దగ్గర ఆగిపోతారు. ఒక జట్టు ఎందుకు గెలిచిందో, రెండోది ఎక్కడ వెనకబడిందో తెలియాలంటే మాత్రం ముందు చూడవలసింది జట్టు మొత్తాలు ఉండే అట్టడుగు వరుస. ఆటగాళ్ల అంకెలకు అర్థం ఆ వరుస చదివిన తరువాతే ఏర్పడుతుంది.

పట్టిక ఏ నియమాల కింద తయారైందో మొదట గమనించండి. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నిబంధనల ప్రకారం పదేసి నిమిషాల క్వార్టర్లు నాలుగు ఉంటాయి, అంటే ఆట 40 నిమిషాలు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో 48 నిమిషాలు. అందువల్ల ప్రపంచ కప్‌లో చేసిన 20 పాయింట్లను ఎన్‌బీఏలో చేసిన 20 పాయింట్లతో నేరుగా పోల్చడం సరికాదు. కోర్టులో ఎప్పుడూ ఐదుగురు ఉంటారు కాబట్టి ఫిబా మ్యాచ్‌లో జట్టు ఆటగాళ్లందరి నిమిషాల మొత్తం 200 కావాలి. 5 నిమిషాల అదనపు సమయం ఒకసారి ఆడితే అది 225 అవుతుంది. ఫిబా ఆటలో ఐదో ఫౌల్‌తో ఆటగాడు మ్యాచ్ నుంచి తప్పుకోవాలి. ముఖ్యమైన ఆటగాడి నిమిషాలు అనుమానించేంత తక్కువగా కనిపిస్తే కోచ్‌ను తప్పుపట్టే ముందు ఫౌల్స్ గడి చూడండి.

ఇక జట్టు వరుస. ఇక్కడ వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: బంతి తమ చేతికి వచ్చిన ప్రతిసారీ ఈ జట్టు సగటున ఎన్ని పాయింట్లు రాబట్టింది? బంతి ఎన్నిసార్లు చేతికొచ్చిందో, అంటే జట్టు ఎన్ని దాడులు చేసిందో, పట్టికలో సాధారణంగా ఉండదు గానీ, దాదాపు సరిగా లెక్కకట్టవచ్చు. జట్టు ప్రయత్నించిన షాట్ల నుంచి అటాకింగ్ రీబౌండ్లు (తమ షాట్ పోయినప్పుడు తామే తిరిగి పట్టిన బంతులు) తీసివేసి, టర్నోవర్లు (షాట్ వేయకుండానే బంతిని ఎదుటి జట్టుకు పోగొట్టుకున్న సందర్భాలు) కలిపి, ఫ్రీ త్రో (ఫౌల్‌కు బదులుగా దక్కే, ఎవరూ అడ్డుకోని షాట్) ప్రయత్నాలను 0.44తో గుణించి దానికి చేర్చాలి. అన్ని ఫ్రీ త్రోలూ ఒక దాడికి ముగింపు కావు కాబట్టే 0.44తో గుణిస్తారు: రెండు ఫ్రీ త్రోలకు ఒకే దాడి ముగుస్తుంది, బుట్టలో పడిన షాట్‌పై అదనంగా దక్కే ఫ్రీ త్రోకు వేరే దాడి ఖర్చు కాదు. ఉదాహరణకు ఒక జట్టు 65 షాట్లు ప్రయత్నించి, 10 అటాకింగ్ రీబౌండ్లు పట్టి, 14 టర్నోవర్లు చేసి, 20 ఫ్రీ త్రోలు ప్రయత్నించిందనుకుందాం. లెక్క 77.8కి వస్తుంది, అంటే సుమారు 78 దాడులు. ఆ జట్టు 82 పాయింట్లు చేసి ఉంటే దాడికి 1.05 పాయింట్లు రాబట్టినట్టు. బంతి రెండు జట్ల మధ్య చేతులు మారుతూనే ఉంటుంది కనుక ఎదుటి జట్టు లెక్క కూడా దీనికి దగ్గరగానే వస్తుంది. బాగా తేడా వస్తే ఎక్కడో కూడిక తప్పిందని గ్రహించాలి.

ఈ లెక్క చేతికి వచ్చాక తేడా ఎక్కడ పుట్టిందో వెతకాలి. అన్నిటికంటే పెద్ద కారణం సాధారణంగా షాట్ల నాణ్యతే. మామూలు షూటింగ్ శాతం మూడు పాయింట్ల షాట్‌నూ రెండు పాయింట్ల షాట్‌నూ ఒకే గాటన కడుతుంది, అది మోసపూరితమైన అంకె. దాన్ని సరిచేయడానికి బుట్టలో పడిన మొత్తం షాట్లకు, పడిన త్రీ పాయింటర్లలో సగాన్ని కలిపి, మొత్తం ప్రయత్నాలతో భాగించండి. 2024 పారిస్ ఒలింపిక్స్ పురుషుల ఫైనల్‌లో అమెరికా ఫ్రాన్స్‌ను 98–87తో ఓడించినప్పుడు స్టెఫెన్ కర్రీ 12 త్రీ పాయింటర్లు ప్రయత్నించి 8 వేశాడు. ఆ 12 ప్రయత్నాలకు 24 పాయింట్లు వచ్చాయి. రెండు పాయింట్ల షాట్లతో అదే ఫలితం రాబట్టాలంటే పన్నెండుకు పన్నెండూ పడాలి. అదే ఒలింపిక్స్ మహిళల ఫైనల్ 67–66తో ముగిసింది. చివరి క్షణంలో ఫ్రాన్స్ క్రీడాకారిణి గాబీ విలియమ్స్ వేసిన బంతి బుట్టలో పడినా, ఆమె పాదం 6.75 మీటర్ల త్రీ పాయింట్ గీతను తాకి ఉండటంతో దానికి రెండు పాయింట్లే దక్కాయి, బంగారు పతకం అమెరికాకు వెళ్లింది.

తరువాత రీబౌండ్లు. మొత్తం రీబౌండ్ల సంఖ్యను చూసి తీర్పు చెప్పవద్దు. ఎదుటి జట్టు ఎక్కువ షాట్లు పోగొడితే మనకు డిఫెన్సివ్ రీబౌండ్లు వాటంతటవే పెరుగుతాయి. మన అటాకింగ్ రీబౌండ్లను, వాటికి ఎదుటివారి డిఫెన్సివ్ రీబౌండ్లు కలిపిన మొత్తంతో భాగించి చూస్తే, మనం పోగొట్టిన షాట్లలో ఎన్నిటిని మళ్లీ దక్కించుకున్నామో తెలుస్తుంది. ఆటగాళ్ల రీబౌండ్లు కూడితే జట్టు మొత్తం కంటే తక్కువ రావచ్చు, కంగారు పడనక్కరలేదు. ఎవరి చేతా చిక్కకుండా బయటికి వెళ్లిన బంతులు జట్టు పేరిటే నమోదవుతాయి. టర్నోవర్లను కూడా దాడుల సంఖ్యతో పోల్చి చూడాలి.

ఇప్పుడు ఆటగాళ్ల వరుసలకు రండి. కొన్ని గడులు కొత్తవారిని తికమకపెడతాయి. షాట్ వేస్తుండగా ఫౌల్ జరిగి బంతి పడకపోతే అది ప్రయత్నంగా లెక్కకు రాదు. అందుకే ఒక్క షాట్ కూడా లేని ఆటగాడి వరుసలో ఆరు ఫ్రీ త్రోలు కనిపించినా ఆశ్చర్యం లేదు. అసిస్ట్ (షాట్ పడటానికి దారితీసిన పాస్) విషయంలో ఫిబా గణాంకకర్తలు పాటించే పద్ధతి ప్రత్యేకం: పాస్ అందుకున్న ఆటగాడు షాట్ వేస్తూ ఫౌల్‌కు గురై కనీసం ఒక ఫ్రీ త్రో బుట్టలో వేసినా పాస్ ఇచ్చినవారికి అసిస్ట్ దక్కుతుంది. ఎన్‌బీఏ లెక్కతో పోల్చేటప్పుడు ఇది మనసులో ఉంచుకోవాలి.

ఎఫిషియెన్సీ అనే గడి పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీల్స్ (ఎదుటివారి నుంచి లాక్కున్న బంతులు), బ్లాకులు (అడ్డుకున్న షాట్లు) అన్నీ కలిపి, పోయిన షాట్లు, పోయిన ఫ్రీ త్రోలు, టర్నోవర్లు తీసివేసిన ఫలితం. ఒక చూపులో అంచనాకు ఇది పనికొస్తుంది గానీ నేను దానికి పెద్ద విలువ ఇవ్వను. ఎదుటి జట్టులోని మేటి షూటర్‌ను అడుగు కదలనివ్వకుండా కట్టడి చేసిన డిఫెండర్ శ్రమ అందులో ఎక్కడా చేరదు, ఆ శ్రమే మ్యాచ్‌ను మలుపు తిప్పిన సందర్భాలు తక్కువేమీ కావు.

అటువంటి ఆటగాడి కోసం ప్లస్-మైనస్ గడి చూడవచ్చు. అతడు కోర్టులో ఉన్నంతసేపూ తన జట్టు చేసిన పాయింట్లలోంచి ఎదుటి జట్టు చేసినవి తీసివేస్తే వచ్చేది ఈ అంకె. ఒక జట్టు ఆటగాళ్లందరి ప్లస్-మైనస్‌లను కూడితే గెలుపు తేడాకు సరిగ్గా ఐదు రెట్లు రావాలి. 67–66 మ్యాచ్‌లో గెలిచిన జట్టుకు అది ప్లస్ 5. అయితే ఒక్క మ్యాచ్ ప్లస్-మైనస్‌ను బట్టి ఎవరినీ మెచ్చుకోవద్దు, నిందించవద్దు. నాలుగు నిమిషాలు ఆడిన ఆటగాడికి ప్లస్ 9 వస్తే, ఆ నాలుగు నిమిషాల్లో పక్కనున్నవారి త్రీ పాయింటర్లు వరుసగా పడ్డాయనే అర్థం కావచ్చు. ఒకే టోర్నమెంట్‌లో ఐదారు మ్యాచ్‌ల పట్టికలు పక్కపక్కన పెట్టి, ఆ ఆటగాడు ఎవరితో కలిసి ఆడినప్పుడు ఈ అంకె పెరుగుతోందో చూస్తేనే దానిమీద ఏదైనా అభిప్రాయం ఏర్పరచుకోవచ్చు.