మిగిలిన మటన్ కూరను మర్నాడు మంచి వేపుడుగా మార్చడం ఎలా?

ఆదివారం కిలో మాంసం వండిన ఇంట్లో సోమవారానికి గిన్నెలో సగం కూర మిగలడం మామూలే. ఆ గిన్నెను ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పొయ్యి మీద పెడతారు. పైన ఇంకో రెండు చెంచాల కారం, చెంచాడు గరం మసాలా చల్లుతారు. పెద్ద మంట మీద నీరంతా ఇగిరిపోయేదాకా కలుపుతూనే ఉంటారు. చివరికి ముక్క పీచుపీచుగా విడిపోతుంది, మసాలా అడుగంటి చేదెక్కుతుంది, ఉప్పు నోట్లో పెట్టుకోనివ్వదు. నిన్నటి కూర ఇంతేలే అని సరిపెట్టుకుని తినేస్తారు. నిజానికి మటన్ కూర మర్నాటికి బాగుంటుంది. చేపల పులుసు మర్నాడే రుచి అని ఒప్పుకునేవాళ్లంతా మాంసం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తొందరపడతారో నాకు అర్థం కాదు.

ఒక్క విషయం పట్టుకుంటే చాలు: మర్నాటి వేపుడులో వేయించాల్సింది గ్రేవీని. ముక్క నిన్ననే ఉడికింది. కండను, ఎముకను పట్టి ఉంచే కొలాజెన్ అనే గట్టి పదార్థం ఉడికి ఉడికి జెలటిన్‌గా మారబట్టే ముక్క మెత్తబడింది. దాన్ని మళ్లీ పావుగంట గ్రేవీలో కుతకుతలాడిస్తే పట్టు వదిలి పోగులుగా ఊడిపోతుంది. అలాగని ఎక్కువసేపు వేయిస్తే తడి ఆరిపోయి గట్టిపడుతుంది. అందుకే గ్రేవీని ముందు విడిగా వేయించాలి, ముక్కలు చివరి కొద్ది నిమిషాలకే మూకుట్లోకి రావాలి.

ముందు రాత్రి

వేపుడు బాగుండాలంటే పని రాత్రే మొదలవుతుంది. కూర వండిన గిన్నెను అలాగే గట్టు మీద వదిలేసి పడుకోకండి. వెడల్పాటి, లోతు తక్కువ గిన్నెలోకి మార్చి, వేడి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టండి. వండిన మాంసాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచవద్దని, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటకు మించి ఉంచవద్దని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. మన వేసవిలో ఆ గంట లెక్కే వర్తిస్తుంది. రాత్రి ఒకసారి పొంగించి మూతపెడితే పాడవదన్న పాత నమ్మకం ఇంకా చాలా ఇళ్లలో ఉంది. మాంసం కూరల్లో పెరిగే క్లోస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా బీజాలు పొంగినా చావవు. పెద్ద గిన్నెలో కూర నెమ్మదిగా చల్లారుతున్న గంటల్లోనే అవి మేలుకుని వేగంగా పెరుగుతాయి. రాత్రంతా బయట ఉన్న కూరను వేపుడు చేయకండి, పారేయండి. ఫ్రిజ్‌లో పెట్టినది మూడు, నాలుగు రోజుల్లోపు వాడుకోవచ్చు. నేనైతే రెండో రోజు దాటనివ్వను, ఆ తర్వాత కొవ్వుకు ఒకరకమైన పాత వాసన వస్తుంది.

కావలసినవి

వెడల్పాటి ఇనుప మూకుడు, అంచు పదునుగా ఉన్న అట్లకాడ. నాన్‌స్టిక్ పెనం వద్దు, అందులో గ్రేవీ అడుగు పట్టదు, పట్టకపోతే వేపుడు రుచి రాదు. కూరలో టమాటా, పెరుగు ఎక్కువగా పడి ఉంటే మాత్రం ఇనుముకు బదులు అడుగు మందంగా ఉన్న స్టీలు బాండీ తీసుకోండి, పులుపు తగిలితే ఇనుము రుచి కూరలోకి దిగుతుంది. అరకిలో ముక్కలకు పది వెల్లుల్లి రెబ్బలు పొట్టుతోనే చితక్కొట్టి, రెండు రెమ్మల కరివేపాకు, నాలుగు పచ్చిమిరపకాయలు, చెంచాడు మిరియాలు కచ్చాపచ్చాగా దంచి పెట్టుకోండి. ఉల్లిపాయ అక్కర్లేదు. నిన్నటి కూరలో ఉన్న ఉల్లిపాయే కరిగి గ్రేవీ అయింది, పచ్చిది మళ్లీ వేస్తే నీరు ఊరి పని మొదటికొస్తుంది.

అన్ని కూరలూ దీనికి పనికిరావు. గోంగూర మాంసం, దోసకాయ మాంసం, సొరకాయ మాంసం, దాల్చా అలాగే వేడిచేసుకుని తినాల్సినవి. ఆకు, కాయ, పప్పు కలిసిన గ్రేవీని వేయిస్తే ముద్దగా మాడుతుంది తప్ప నూనె తేలదు.

చల్లగా ఉండగానే విడదీయండి

ఫ్రిజ్‌లోంచి తీసిన కూరను వేడిచేయకముందే మూడు భాగాలు చేయాలి. పైన పేరుకున్న కొవ్వును చెంచాతో తీసి ఒక పక్కన ఉంచండి, వేయించడానికి అదే నూనె. దాన్ని పారేసి ప్యాకెట్ నూనె పోసేవాళ్లు నిన్న వేసిన మసాలా సువాసనలో సగం పారేస్తున్నారు. తర్వాత ముక్కలను ఏరి, అంటుకున్న గ్రేవీని వేలితో తుడిచేయండి. చల్లటి గ్రేవీ జెల్లీలా గట్టిగా ఉంటుంది కాబట్టి ఇది తేలిక. వేడెక్కాక ఇదే పని చేయబోతే ముక్కలు చేతిలో విరిగిపోతాయి.

పెద్ద ముక్కలను కండ పీచుకు అడ్డంగా కోసి సగం చేయండి. పొడవునా కోస్తే నమలడానికి పీచే మిగులుతుంది. మూలుగ బొక్కలను వేపుడులో వేయవద్దు. మూకుట్లో మూలుగ కారి మాడిపోతుంది. వాటిని మిరియాల చారులో వేసి బాగా మరిగించుకోండి.

గ్రేవీని వేయించడం

చెడేది ఇక్కడే. ఫోను పక్కన పెట్టి పొయ్యి దగ్గరే నిలబడండి.

ముందు ఎంత గ్రేవీ వేయాలన్నది. అరకిలో ముక్కలకు ఒక కప్పు, అంతే. మిగతాది గిన్నెలోనే ఉంచేయండి. నీరు ఇగిరిపోతుంది గానీ ఉప్పు ఎక్కడికీ పోదు. రెండు కప్పుల గ్రేవీలో సరిపోయిన ఉప్పంతా అరకప్పు ముద్దలోకి చేరితే ఆ వేపుడును ఎవరూ తినలేరు. ఇదే కారణంతో ఈ దశలో ఉప్పు గానీ, కారం గానీ చిటికెడు కూడా వేయకూడదు. రుచి చూసి చప్పగా ఉందనిపించినా ఆగండి.

మూకుడు వేడెక్కాక పక్కన ఉంచిన కొవ్వు వేసి కరిగించి, కప్పు గ్రేవీ వేసి మధ్యస్థంగా మంట పెట్టండి. మొదట పెద్ద బుడగలతో బుడబుడమంటూ ఉడుకుతుంది. ఇది నీరు పోయే దశ, అప్పుడప్పుడు కలిపితే చాలు. కాసేపటికి బుడగలు చిన్నవై, చిక్కబడ్డ గ్రేవీ పటపటమని బయటికి చిందుతుంది. ఇక్కడ భయపడి చాలామంది రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. కొందరు కాసిన్ని నీళ్లు పోస్తారు, అప్పటిదాకా చేసిందంతా వృథా. మరికొందరు నీరు అయిపోయింది కదా అని ముక్కలు వేసేస్తారు. అప్పటికి గ్రేవీ చిక్కబడిందే తప్ప వేగలేదు. అలా చేసినది వేపుడు అవదు, చిక్కటి ఇగురు అవుతుంది. ఇగురు తినాలనుకుంటే దానికి ఇంత శ్రమ అక్కర్లేదు.

చిందడం మొదలవగానే మంట బాగా తగ్గించి, అట్లకాడతో అడుగు నుంచి గీకుతూ మసాలాను తిరగేస్తూ ఉండండి. ఇక చేయి ఆపకూడదు. కొబ్బరి, గసగసాలు, జీడిపప్పు నూరి వేసిన కూర అయితే గ్రేవీ వేసినప్పటి నుంచే సన్నటి సెగ ఉండాలి, ఈ ముద్దలు చూస్తుండగానే అడుగంటుతాయి. కొద్ది నిమిషాల్లో మసాలా రంగు ముదిరి ఒకే ముద్దగా దగ్గరపడుతుంది. అట్లకాడతో మధ్యలో గీత గీస్తే మూకుడు అడుగు కనబడాలి, ఆ దారి మళ్లీ పూడుకోకూడదు. అంచుల్లో ఎర్రటి నూనె ఊరుతుంది. శబ్దం కూడా మారి, పోపు వేగుతున్నప్పటి చిటపట వినబడుతుంది. మాంసంలో కొవ్వు తక్కువైతే నూనె అంతగా తేలకపోవచ్చు, అప్పుడు గీతను, శబ్దాన్ని నమ్మండి. ఉడికిన వాసన పోయి వేగిన వాసన వచ్చేదాకా మాత్రం ముక్కల జోలికి వెళ్లకండి.

అడుగున గోధుమ రంగు పొర పడితే మంచిదే, గీకి మసాలాలో కలిపేయండి. గీకినా రాకపోతే మూకుడును దించి ఒకే ఒక్క చెంచా వేడినీళ్లు చల్లి వదిలించండి. పొర నల్లబడిందంటే మాత్రం దాన్ని కదిలించవద్దు. పైనున్న మసాలాను మాత్రమే ఇంకో బాండీలోకి తీసుకుని అక్కడ కొనసాగించండి. నల్లటి పొరను గీకి కలిపితే ఆ చేదును నిమ్మకాయ గానీ, చక్కెర గానీ దాచలేవు.

కార్న్‌ఫ్లోర్ చల్లి, సోయా సాస్ పోసి అయిదు నిమిషాల్లో కరకరలాడించే పద్ధతి ఈమధ్య బాగా ప్రచారమైంది. కరకరలాడేది పిండి, అందులో మాంసం రుచి లేదు. అల్లం వెల్లుల్లి ముద్ద మళ్లీ వేయమనేవాళ్ల మాట కూడా వినకండి. నిన్న వేగి కలిసిపోయిన మసాలా మీద పచ్చి ముద్ద పడితే రెండు వేర్వేరు కూరలు కలిపినట్టు ఉంటుంది.

ముక్కలు వేశాక

వేగిన మసాలాను మూకుట్లో ఒక పక్కకు నెట్టండి. రెండో పక్కన ఊరిన నూనెలో, అది చాలకపోతే చెంచాడు వేరుశనగ నూనె జోడించి, వెల్లుల్లి, చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు వేయించండి. వీటిని మొదట్లో వేస్తే గ్రేవీలో ఉడికి మెత్తబడతాయి, ఇప్పుడైతే కరివేపాకు కరకరలాడుతుంది.

ముక్కలు వేసి మసాలా పట్టేలా ఒకసారి తిరగేసి, మూతపెట్టి సన్నటి సెగ మీద నాలుగయిదు నిమిషాలు మగ్గనివ్వండి. ఫ్రిజ్‌లోంచి వచ్చిన ముక్క నడుమ దాకా వేడెక్కాలి, 74 డిగ్రీల సెల్సియస్ అన్నది భద్రమైన లెక్క. థర్మామీటరు లేకపోతే అన్నిటికన్నా లావు ముక్కను విరిచి చూడండి, మధ్యలోంచి ఆవిరి రావాలి. మైక్రోవేవ్‌లో వేడిచేసి తెచ్చి కలపడం నాకు సమ్మతం కాదు. అంచులు తోలులా బిగుసుకుంటాయి, నడుమ చల్లగానే ఉండిపోతుంది.

మూత తీసి మంట పెంచి రెండు నిమిషాలు. ఈసారి కలపవద్దు, మూకుడును పట్టుకుని ఒకటి రెండుసార్లు ఎగరేస్తే చాలు. అంచులు ఎర్రబడగానే దించేసి, మిరియాల పొడి చల్లి, అప్పుడు ఉప్పు చూడండి. నిమ్మరసం పొయ్యి దించాకే పిండాలి.

ఇది పప్పుచారన్నంలోకి, జొన్నరొట్టెలోకి, రాగిసంగటిలోకి బాగుంటుంది. చేసిన పూట అయిపోవాలి. ఒకసారి చల్లార్చి వేడిచేసినదాన్ని మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి మూడోసారి వేడిచేయవద్దు, అందుకే రేపటికి కూడా కావాలనుకుంటే కూర దశలోనే సగం విడిగా తీసి ఉంచండి.

కాల్చిన మాంసం మిగిలితే

ఇంగ్లండ్, అమెరికాలలో ఉన్న మనవాళ్లకు ఆదివారం ఓవెన్‌లో కాల్చిన గొడ్డుమాంసమో, గొర్రె తొడో మిగులుతుంది. ఆంగ్లేయులు దాన్ని మర్నాడు చల్లగానే పల్చగా కోసి ఆవాల ముద్దతోనో, ముల్లంగి జాతి ఘాటు దుంప పచ్చడితోనో రొట్టెలో పెట్టుకుంటారు, లేదా బంగాళాదుంపలతో కలిపి పెనం మీద వేయిస్తారు. చల్లగా తినే పద్ధతి ఆ మాంసానికి నిజంగానే తగినది. వేపుడు కావాలంటే ఇక్కడ కూర గ్రేవీ లేదు కాబట్టి ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, ధనియాల పొడితో మసాలాను కొత్తగా, పైన చెప్పిన గుర్తులన్నీ కనబడేదాకా వేయించాలి. మాంసాన్ని పీచుకు అడ్డంగా చిటికెన వేలంత పల్చటి ముక్కలు కోసి చివర్లో వేయండి. మగ్గబెట్టే సమయం ఇక్కడ ఇంకా తక్కువ, ముక్క నడుమ దాకా వేడెక్కగానే దించేయాలి.

ఇక గిన్నెలో ఉంచేసిన గ్రేవీ. దాంతో అన్నం వండండి. గ్రేవీని కొలిచి, మామూలుగా పోసే నీళ్లలో అంత తగ్గించి, కడిగి నానబెట్టిన బియ్యం, రెండు లవంగాలు, గుప్పెడు పుదీనా వేసి కుక్కర్‌లో పెట్టండి. ఉప్పు బియ్యానికి సరిపడా మాత్రమే వేయండి, గ్రేవీలో దాని ఉప్పు దానికుంది.