కాంబి బాయిలర్ మొరాయిస్తోందా? ముందు సెట్టింగులు చూడండి

మేం బ్రిటన్ వచ్చిన మొదటి చలికాలంలో గుంటూరు నుంచి అమ్మ వచ్చింది. తెల్లారగానే తను అడిగిన మొదటి ప్రశ్న, "గీజర్ స్విచ్ ఎక్కడ్రా?" వంటింటి గోడకున్న తెల్ల పెట్టె చూపించి, స్విచ్ వెయ్యక్కర్లేదు, ట్యాప్ తిప్పితే అదే వెలుగుతుందని చెప్పాను. అంతకుమించి నాకూ తెలియదు. ఆ చలికాలం మేం పడ్డ తిప్పలన్నీ ఆ తెలియకపోవడం వల్లే. కొత్తగా ఇల్లు మారినవాళ్లకు ఆ తిప్పలు తప్పాలని ఇది రాస్తున్నాను.

ఆ తెల్ల పెట్టే గ్యాస్‌తో నడిచే కాంబి బాయిలర్. ఇందులో ట్యాంకు ఉండదు. స్నానానికి నీళ్లు అప్పటికప్పుడు కాచి ఇస్తుంది, గదులను వెచ్చబరిచే రేడియేటర్లలో (గోడలకుండే లోహపు పలకల్లో) తిరిగే నీళ్లనూ అదే వేడి చేస్తుంది. అందుకే దాని మీద రెండు సెట్టింగులు ఉంటాయి. ట్యాప్ బొమ్మ పక్కనున్నది స్నానం నీళ్ల వేడి, రేడియేటర్ బొమ్మ పక్కనున్నది రేడియేటర్లలోకి వెళ్లే నీళ్ల వేడి. గది ఎంత వెచ్చగా ఉండాలో చెప్పేది ఈ రెండూ కాదు, గోడకుండే థర్మోస్టాట్. ఈ మూడింటి పని వేరుగా గుర్తుంటే సగం టెన్షన్ పోతుంది.

సమస్య: థర్మోస్టాట్ 25కి పెట్టినా ఇల్లు త్వరగా వెచ్చబడట్లేదు

థర్మోస్టాట్ స్కూటర్ యాక్సిలరేటర్ లాంటిది కాదు. 30 పెట్టినా 20 పెట్టినా ఇల్లు ఒకే వేగంతో వేడెక్కుతుంది. 30 పెడితే బాయిలర్ ఎక్కువసేపు మండుతుంది, అంతే. మీకు కావల్సింది 20 అయితే 20 పెట్టి ఊరుకోండి.

అప్పటికీ వెచ్చబడకపోతే టైమర్ ఆ గంటకు ఆన్‌లో ఉందా, రేడియేటర్ చివర 1 నుంచి 5 అంకెలుండే వాల్వ్ పూర్తిగా మూసేసి ఉందా చూడండి. ఆ వాల్వ్ మీద 3 అంటే దాదాపు 20 డిగ్రీలు. థర్మోస్టాట్ ఉన్న గదిలోని రేడియేటర్‌ను మాత్రం పూర్తిగా తెరిచి ఉంచాలి. అది మూస్తే థర్మోస్టాట్‌కు వెచ్చదనం తగలదు, బాయిలర్ ఆగదు, మిగతా గదులు ఉడికిపోతాయి.

సమస్య: గ్యాస్ బిల్లు చూస్తే గుండె గుభేలుమంటోంది

రేడియేటర్ బొమ్మ పక్కన అంకె చూడండి. కొత్త బాయిలర్ బిగించినప్పుడు అది చాలా ఇళ్లలో 70, 80 డిగ్రీల దగ్గర ఉంటుంది, తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2005 నుంచి బిగిస్తున్నవి దాదాపు అన్నీ కండెన్సింగ్ బాయిలర్లే. మంట నుంచి వచ్చే పొగలో నీటి ఆవిరి ఉంటుంది. ఆ ఆవిరిని మళ్లీ నీరుగా మార్చి అందులోని వేడిని కూడా వాడుకోవడమే వీటి ప్రత్యేకత. రేడియేటర్లు తిరిగి వచ్చిన నీళ్లు 55 డిగ్రీల లోపు ఉన్నప్పుడే అది జరుగుతుంది. 80 డిగ్రీల నీళ్లు పంపిస్తే తిరిగొచ్చేవి కూడా బాగా వేడిగానే ఉంటాయి, మీరు డబ్బు పెట్టి కొన్న వేడి చిమ్నీ గొట్టంలోంచి బయటికి పోతుంది.

60కి తగ్గించి రెండు రోజులు చూడండి. ఇల్లు వెచ్చగానే ఉంటే 55కి తగ్గించండి. రేడియేటర్ ముట్టుకుంటే మునుపటిలా చురుక్కుమనదు, గది వెచ్చబడటానికి కాస్త ఎక్కువ టైమ్ పడుతుంది, కంగారు పడొద్దు. గడ్డకట్టే చలి రోజుల్లో గది వెచ్చబడకపోతే ఓ ఐదు డిగ్రీలు పెంచుకోండి. ఇంట్లో పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే వాళ్ల వెచ్చదనమే ముఖ్యం, బిల్లు తర్వాత.

ట్యాప్ నీళ్లకు 45 నుంచి 50 డిగ్రీలు చాలు. 60 పెట్టి మళ్లీ చన్నీళ్లు కలుపుకోవడం దండగ, పిల్లల చేతులు కాలతాయి కూడా. ఇంట్లో వేడినీళ్లు నిల్వ ఉంచే సిలిండర్ ఉంటే మాత్రం ఈ లెక్క వేరు. నిల్వ నీళ్లలో లెజియొనెల్లా బాక్టీరియా పెరగకుండా సిలిండర్‌లో 60 డిగ్రీలు ఉండాలి.

సమస్య: షవర్ కింద ఉండగా నీళ్లు చల్లబడుతున్నాయి

ఎవరో వంటింట్లో వేడినీళ్ల ట్యాప్ తిప్పి ఉంటారు. 24 కిలోవాట్ల బాయిలర్ నీళ్లను 35 డిగ్రీలు పెంచి నిమిషానికి 10 లీటర్ల లోపే ఇవ్వగలదు. అది రెండు ట్యాపులకు పంచితే ఎవరికీ చాలదు. ట్యాప్ మరీ సన్నగా తిప్పినా సమస్యే, నీటి ధార ఒక స్థాయి దాటితే తప్ప బాయిలర్ వెలగదు. మన బకెట్ స్నానం అలవాటుతో అమ్మ సన్నగా తిప్పేది, నీళ్లు చల్లగా వచ్చేవి. వేడినీళ్ల ట్యాప్ ఇంకాస్త తిప్పితే సరిపోయింది.

ఇవేవీ కాకుండా నెలనెలా వేడి తగ్గుతూ వస్తుంటే, లండన్ లాంటి సున్నపు నీళ్ల ప్రాంతాల్లో లోపల సున్నం పేరుకుని ఉండొచ్చు. అది ఇంజినీర్ పని.

సమస్య: బాయిలర్ ఆగిపోయింది, ప్రెషర్ ముల్లు కిందికి పడింది

బాయిలర్ మీదుండే చిన్న డయల్ లోపలి నీళ్ల ప్రెషర్ చూపిస్తుంది, దాని కొలత బార్. చల్లారి ఉన్నప్పుడు ముల్లు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. వేడెక్కాక 2 దాకా వెళ్లడం మామూలే. 0.5 దగ్గరికి పడితే చాలా మోడళ్లు ఆగిపోతాయి. రేడియేటర్లలో గాలి తీసినప్పుడు కూడా ప్రెషర్ పడుతుంది.

బాయిలర్ ఆపి చల్లారనివ్వండి. దాని కింద లోహపు తీగలతో జడలా అల్లిన సన్నటి గొట్టం ఉంటుంది, రెండు చివరలా చిన్న వాల్వ్‌లు. కొన్ని మోడళ్లలో గొట్టం బదులు చిన్న లివర్ ఉంటుంది. ఒక వాల్వ్ తెరిచి, రెండోది కొద్దికొద్దిగా తిప్పండి. నీళ్లు సుయ్‌మంటూ ఎక్కుతాయి. ముల్లు 1.3 దగ్గరికి రాగానే రెండూ బిగించండి.

నేను ఇక్కడే పొరపాటు చేశాను. వాల్వ్‌లు మూశాననుకున్నాను గానీ పూర్తిగా బిగించలేదు. రాత్రి హీటింగ్ వెలిగింది, ముల్లు పాకుతూ 3 బార్ దాటింది, సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని బయట గోడకున్న రాగి గొట్టంలోంచి వేడినీళ్లు చిమ్మాయి. పొద్దున చూస్తే ప్రెషర్ సున్నా. సేఫ్టీ వాల్వ్‌లో మురికి ఇరుక్కుని అది మళ్లీ సరిగా మూసుకోలేదు, దాన్ని మార్చించాల్సి వచ్చింది. అందుకే నింపాక పది నిమిషాలు ఆగి ముల్లు కదులుతోందేమో చూడండి.

వారంవారం నింపాల్సి వస్తుంటే ఎక్కడో లీకు ఉంది. వేడెక్కగానే 3కి ఎగబాకి, చల్లారితే సున్నాకు పడుతుంటే లోపలి ఎక్స్‌పాన్షన్ వెసెల్ (వేడికి వ్యాకోచించే నీళ్లకు చోటిచ్చే డబ్బా) మీద అనుమానపడాలి. రెంటికీ ఇంజినీర్‌ను పిలవండి.

సమస్య: గడ్డకట్టే చలిలో గుడగుడమంటూ ఆగిపోయింది

ఆవిరి నీరయ్యాక ఒక ప్లాస్టిక్ గొట్టం గుండా బయటికి పోతుంది. అది గడ్డకట్టింది. గొట్టం చేతికి అందితే గోరువెచ్చని నీళ్లు పోసి, రీసెట్ నొక్కండి. మరిగే నీళ్లు వద్దు, గొట్టం పగులుతుంది. బయట చిమ్నీ నుంచి తెల్లటి ఆవిరి రావడం మాత్రం మామూలే.

సమస్య: రేడియేటర్ పైన చల్లగా, కింద వేడిగా ఉంది

గాలి చేరింది. హీటింగ్ ఆపి, చల్లారాక రేడియేటర్ కోసం ఉండే చిన్న తాళంచెవితో పైమూల స్క్రూ పావు చుట్టు తిప్పి, నీటి చుక్క రాగానే బిగించండి. కింద చల్లగా ఉంటే లోపల బురద చేరినట్టు.

మీరు చేయకూడనివి

బాయిలర్ మూత విప్పొద్దు. గ్యాస్ వాసన వస్తే లైటు స్విచ్‌లు ముట్టుకోకుండా కిటికీలు తెరిచి, వీలైతే మీటర్ దగ్గర గ్యాస్ ఆపి, బయటికొచ్చి 0800 111 999కి ఫోన్ చేయండి. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లో ఇది రాత్రీపగలూ పనిచేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, అలారం తప్పనిసరిగా పెట్టుకోండి. అద్దె ఇల్లయితే ఏడాదికోసారి గ్యాస్ తనిఖీ చేయించడం ఇంటి ఓనర్ బాధ్యత, ఆ కాగితం అడిగి తీసుకోండి. ఇంజినీర్ రాగానే గ్యాస్ సేఫ్ కార్డు (గ్యాస్ పనులు చేసేవాళ్ల అధికారిక నమోదు కార్డు) చూపించమనండి. వెనకవైపు ఆయనకు ఏయే పనులకు అర్హత ఉందో రాసి ఉంటుంది, అందులో బాయిలర్ ఉందో లేదో చూశాకే పని మొదలుపెట్టనివ్వండి.