లాజిస్టిక్స్ డిగ్రీకి కళాశాలను ఎంచుకునే విధానం

రవాణా, గిడ్డంగి నిర్వహణ నేర్పే బీబీఏ లాజిస్టిక్స్‌లో చేరదలచినవారు ముందుగా కళాశాల ఎక్కడ ఉందో చూడాలి. ఓడరేవు గాని, కంటైనర్ డిపో గాని దగ్గరలో ఉంటే పని నేర్చుకొనే అవకాశాలు పెరుగుతాయి. ఆ విధంగా విశాఖపట్నానికి, సనత్‌నగర్ డిపో ఉన్న హైదరాబాద్‌కు సహజమైన అనుకూలత ఉంది.

2024–25 నుంచి బీబీఏ కూడా అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) పరిధిలోకి వచ్చింది కనుక, విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న కళాశాల విషయంలో ఆ ఆమోదాన్ని కరపత్రం చూసి నమ్మక, మండలి వెబ్‌సైట్‌లోనే సరిచూసుకోవాలి.

అన్నిటికన్నా లోతుగా విచారించవలసింది అప్రెంటిస్‌షిప్ గురించి. ఏ సంస్థలో, ఎన్ని నెలలు, ఎంత స్టైపెండ్‌తో అన్నవి అడిగిన తరువాత, అక్కడ సరుకు రవాణాకు కావలసిన ఈ-వే బిల్లు తయారీ, స్టాకు లెక్క, కస్టమ్స్ పత్రాలు చేతికిస్తారా, లేక మూడో సంవత్సరం దాకా పెట్టెలకు లేబుళ్లు అంటించడమేనా అని సీనియర్లనే అడగడం మేలు. ప్రవేశాల కార్యాలయం ఇచ్చే జవాబు ఎప్పుడూ తియ్యగానే ఉంటుంది. ప్లేస్‌మెంట్ శాతం చెప్పినప్పుడు, ఉద్యోగాల హోదాలు కూడా అడగాలి.

ఇంజనీరింగ్ వైపు మొగ్గు ఉన్నవారు వడోదరలో 2022లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన, రవాణా, లాజిస్టిక్స్ రంగాలకు ఉద్దేశించిన గతిశక్తి విశ్వవిద్యాలయాన్ని పరిశీలించవచ్చు. అక్కడ బీటెక్ ప్రవేశాలకు జేఈఈ మెయిన్ రాయవలసి ఉంటుంది.