ఇంట్లో చేసిన ఫొటో కార్డు వెనక అడ్రసు ప్రింట్ చేయడం ఎలా?

మైపాడు బీచ్‌లోనో ఉదయగిరి కోట మీదో తీసిన ఫొటోని 4×6 అంగుళాల సైజులో ప్రింట్ వేసి, వెనక అడ్రసుతో బంధువులకు పోస్టు చేయాలనుకుంటున్నారా? ముందు కాగితం సంగతి చూడండి. చిక్కంతా అక్కడే.

మెరిసే ఫొటో పేపర్లలో చాలావాటికి వెనక సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఇంక్‌జెట్ ప్రింటర్ చల్లే సిరా అందులోకి ఇంకదు, పైనే నిలుస్తుంది. ఎంతసేపు ఆరబెట్టినా వేలు తగిలితే అక్షరాలు అలుక్కుపోతాయి. కాగితం మూలన తడి వేలు ఆనించి చూడండి. కాస్త అంటుకుంటే అది సిరా పట్టే వైపు, జారిపోతే పట్టని వైపు. పోనీ లేజర్ ప్రింటర్‌లో పెడదామా అంటే, అది సిరా పొడిని వేడితో కరిగించి అంటిస్తుంది. ఆ వేడికి ఇంక్‌జెట్ పేపర్ మీది పూత కరిగి రోలర్‌కి పట్టేస్తుంది. జెరాక్స్ షాపాయన ప్రింటర్‌తో ఇలాంటి ప్రయోగాలు వద్దు.

నాలుగైదు కార్డులే అయితే రెండు వైపులా ప్రింటయ్యే, మెరుపు లేని మ్యాట్ పేపర్ కొనండి. మొదట అడ్రసు వైపే వేయండి. తప్పు వచ్చినా కాస్త సిరాతో పోతుంది, ఫొటో పాడవదు.

ఎక్కువ కార్డులుంటే నా ఓటు గళ్లుగా కోసి ఉండే స్టిక్కర్ షీట్‌కే. ఎక్సెల్‌లో పేరు, డోర్ నంబరు-వీధి, ఊరు, పిన్ వేర్వేరు గడుల్లో టైప్ చేసి సేవ్ చేయండి. వర్డ్‌లో మెయిలింగ్స్‌కి వెళ్లి, స్టార్ట్ మెయిల్ మెర్జ్‌లో (లిస్టులోని ఒక్కో అడ్రసుని ఒక్కో స్టిక్కర్‌లో నింపే సదుపాయం) లేబుల్స్ ఎంచుకుని, షీట్ ప్యాకెట్ మీదున్న కొలతలు ఇచ్చి ఆ ఫైల్ కలపండి. తెలుగులో అయితే ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ ఫాంటే వాడాలి. డీటీపీ షాపులో యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టించిన లిస్టు ఇక్కడికి తెస్తే పిచ్చి అక్షరాలొస్తాయి. ప్రింట్ సైజు 100 శాతం ఉంచి, ముందు తెల్లకాగితం మీద వేసి, స్టిక్కర్ షీట్ వెనక పెట్టి వెలుతురులో గళ్లు సరిపోయాయో లేదో చూడండి.

స్టిక్కర్‌ని కార్డు కుడి సగంలో, పైన స్టాంపుకి చోటు వదిలి అంటించండి. ఎడమ సగం మీ కబుర్లకి. ప్లాస్టిక్ వెనక మీద బాల్‌పెన్ సాగదు, సీడీ మార్కర్ వాడండి.

పిన్ మాత్రం పెద్దగా, విడిగా కనబడాలి. 2022లో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వెళ్లినా దాని పిన్ 523105 మారలేదు. జిల్లా పేరు అటూ ఇటూ అయినా పిన్ సరిగ్గా ఉంటే ఉత్తరం చేరుతుంది. వేరే రాష్ట్రానికైతే అడ్రసు ఇంగ్లిష్‌లో వేయడం మేలు.

తపాలా శాఖ కార్డు 14×9 సెంటీమీటర్లు. మనది దాదాపు 15×10, కాబట్టి కార్డు రేటు కాకుండా ఉత్తరం రేటు కట్టాలి. 20 గ్రాముల దాకా 5 రూపాయలు. మందపాటి ఫొటో పేపరైనా నాలుగైదు గ్రాములు దాటదు. ప్లాస్టిక్ మీద స్టాంపు జిగురు సరిగా పట్టదు, గ్లూ స్టిక్ రాయండి. ఎర్ర డబ్బాలో వేయకుండా కౌంటర్‌లో ఇచ్చి, ఫొటో వైపు ముద్ర పడకుండా చూడమని అడగండి.