అమ్మాయిలు ఫాయిల్ ఫెన్సింగ్‌ని కెరీర్‌గా తీసుకోవాలంటే

ఫాయిల్ అంటే మొనతో పొడిచే తేలికపాటి కత్తి. మొదట్లో ఆ కత్తి మీద మోజు వదిలేసి కాళ్ళ కదలికల మీద దృష్టి పెట్టండి, అడ్వాన్స్ (ముందుకి అడుగు), రిట్రీట్ (వెనక్కి అడుగు), లంజ్ (ముందు కాలు చాపి పొడవడం) ఇవే రోజూ చేయించే కోచ్ దొరికితే బోర్ అని మాత్రం మార్చొద్దు. ఫాయిల్‌లో మొండెం మీద తగిలితేనే పాయింట్, చేతికో కాలికో తగిలితే తెల్ల లైట్ వెలిగి ఆట ఆగుతుంది అంతే. మొండెం మీద తగిలితే రంగు లైట్, అది ఇద్దరికీ ఒకేసారి వెలిగితే ముందు అటాక్ ఎవరిదో రిఫరీ చెప్తాడు, అందుకే వేరేవాళ్ళ బౌట్లు (ఇద్దరి మధ్య పోటీలు) చూస్తూ ఆ కాల్ మీరే ముందు చెప్పడం అలవాటు చేసుకోండి, దీన్ని చాలామంది పట్టించుకోరు గానీ నా లెక్కలో సగం ఆట ఇదే.

చెస్ట్ ప్రొటెక్టర్ అమ్మాయిలకి తప్పనిసరి, ఇంటర్నేషనల్‌కి వెళ్తే పైన మెత్తటి ఫోమ్ ఉన్నదే తీసుకోండి, గట్టి ప్లాస్టిక్ మీద మొన జారిపోతోందనే ఆ రూల్ పెట్టారు. పిస్ట్ (ఆడే పొడవాటి పట్టీ) ఎక్కేటప్పుడు పనిచేసే ఫాయిల్స్ రెండు, కత్తిని స్కోరింగ్ మెషీన్‌కి కలిపే బాడీ వైర్లు రెండు ఉండాలి. మొన మీద 500 గ్రాముల బరువు పెట్టి చూస్తారు, స్ప్రింగ్ దాన్ని పైకి లేపకపోతే ఆ కత్తిని పక్కన పెట్టేస్తారు, కాబట్టి బ్యాగులో స్క్రూడ్రైవర్, స్పేర్ స్ప్రింగులు పెట్టుకోండి.

పూల్స్‌లో, అంటే మొదటి గ్రూప్ రౌండ్‌లో, 5 టచ్‌లకే బౌట్ అయిపోతుంది, నెమ్మదిగా మొదలెట్టేవాళ్ళకి అక్కడే దెబ్బ. తర్వాత నాకౌట్‌లో 15. క్యాడెట్, జూనియర్ వయసు విభాగాలు దాటి సీనియర్‌కి వచ్చాక ఖర్చులు, ప్రయాణాలు పెరుగుతాయి, అలాగని చదువు మానేయొద్దు, అమెరికా ఫాయిల్ ఫెన్సర్ లీ కీఫర్ మెడిసిన్‌లో చేరి కూడా టోక్యో ఒలింపిక్స్‌లో, 2024 పారిస్‌లో వ్యక్తిగత గోల్డ్ కొట్టింది కదా.